సోలార్ రంగంలో ఉద్యోగాలు: ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పాఠకులు తరచుగా అడిగే ప్రశ్నలు

ఐటీఐ పూర్తిచేసిన పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, సోలార్ పార్కుకు భూమి ఇవ్వాలా వద్దా అని తర్జనభర్జన పడుతున్న రైతులు అడిగే ప్రశ్నలు కొన్ని ఏళ్లు గడిచినా మారడం లేదు. అందుకే వాటిని ఒకచోట చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగానే అర్థమవుతుంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## ఈ దారిలోకి వచ్చే ముందు

సోలార్‌లో లక్షల ఉద్యోగాలు అంటున్నారు. నిజంగా ఉన్నాయా, ఊరికే చెప్పే అంకెలా?

ఉద్యోగాలు ఉన్నాయి. చెప్పే అంకెలకు అర్థం మాత్రం తెలుసుకుని చదవాలి. అంతర్జాతీయ పునరుత్పాదక ఇంధన సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి వేసిన లెక్క ప్రకారం 2023లో ప్రపంచం మొత్తం మీద సౌర, పవన, జల విద్యుత్తు వంటివన్నీ కలిసిన పునరుత్పాదక ఇంధన రంగంలో 1.62 కోట్ల మంది పనిచేస్తున్నారు. అందులో 74 లక్షల మంది ఒక్క చైనాలోనే ఉన్నారు. భారత్ వాటా సుమారు 10 లక్షలు, అదీ జలవిద్యుత్తును కలుపుకొని. ప్యానెళ్లు, వాటి లోపలి సెల్స్, యంత్రాలు ఎక్కడ తయారైతే ఉద్యోగాలు ఎక్కువగా అక్కడికే వెళ్లాయి. కొని బిగించుకునే దేశాలకు బిగింపు పని మిగిలింది.

మన ప్రభుత్వాలు చెప్పే అంకెలు చాలావరకు రాబోయే కాలానికి వేసిన అంచనాలు. ఇళ్ల పైకప్పు మీద సోలార్ పెట్టుకునేవాళ్లకు రాయితీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం 2024లో మొదలైంది, దానితో 17 లక్షల ప్రత్యక్ష ఉద్యోగాలు వస్తాయని కేంద్రం అంచనా వేసింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సమగ్ర క్లీన్ ఎనర్జీ విధానం 7.5 లక్షల ఉద్యోగాలను లక్ష్యంగా పెట్టుకుంది. ఇలాంటి అంకె కనిపించినప్పుడు మూడు సంగతులు వెతకండి: ఎన్నేళ్లలో వస్తాయి, ఎన్నాళ్లు ఉంటాయి, జీతం ఎవరు ఇస్తారు. పత్రికా ప్రకటనల్లో ఈ మూడూ అరుదుగా ఉంటాయి.

మా ఊరి పక్కన పెద్ద సోలార్ పార్కు వస్తోంది. ఊళ్లో అందరికీ పని దొరుకుతుందా?

కట్టేటప్పుడు చాలామందికి దొరుకుతుంది. కట్టడం పూర్తయ్యాక కొద్దిమందికే. ఢిల్లీలోని సీఈఈడబ్ల్యూ అనే పరిశోధన సంస్థ మరికొన్ని సంస్థలతో కలిసి మన దేశానికి వేసిన లెక్క ఇది: నేల మీద పెట్టే ప్లాంటులో ఒక మెగావాటుకు నిర్మాణ దశలో సుమారు 2.7 మంది ఏడాదిపాటు చేసే పని ఉంటుంది. ప్లాంటు నడిచేటప్పుడు మెగావాటుకు అర ఉద్యోగం, అంటే రెండు మెగావాట్లకు ఒక మనిషి.

కర్నూలు సమీపంలో గని, శకునాల గ్రామాల దగ్గర 2017లో పూర్తయిన అల్ట్రా మెగా సోలార్ పార్కుకు ఈ లెక్క వేసి చూడండి. దాని సామర్థ్యం 1,000 మెగావాట్లు, విస్తీర్ణం దాదాపు 6 వేల ఎకరాలు. ఈ అంచనా ప్రకారం నిలకడగా ఉండే పని సుమారు 500 మందికి. పన్నెండు ఎకరాలకు ఒక ఉద్యోగం. అందులోనూ కంట్రోల్ రూం ఇంజినీర్లు బయటి నుంచి వస్తారు. కాపలా, గడ్డి కోత, ప్యానెళ్లు కడగడం ఊరివాళ్లకు మిగులుతాయి. నిర్మాణం జరిగే ఏడాది, ఏడాదిన్నరలో ఊళ్లో టీకొట్లు, అద్దె గదులు, ట్రాక్టర్లు కళకళలాడతాయి. ఆ కళను చూసి అప్పు చేసి మూడు గదులు కట్టినవాళ్లు తరువాత తాళాలు వేసుకోవలసి వస్తుంది.

అయితే పార్కు కంటే డాబాల మీద బిగించే పని మేలా?

పనిదినాల లెక్కలో చాలా మేలు. అదే సీఈఈడబ్ల్యూ లెక్కలో పైకప్పు సోలార్‌కు అన్ని దశలూ కలిపి మెగావాటుకు 24.72 మంది ఏడాదిపాటు చేసే పని ఉంటుంది. నేల మీద పెట్టే ప్లాంటుకు అది 3.45 మాత్రమే. తేడా ఎందుకో తేలికగానే అర్థమవుతుంది. ఇంటికి మూడు కిలోవాట్ల చొప్పున పెడితే ఒక మెగావాటు అంటే 333 ఇళ్లు. ప్రతి ఇంటికీ వెళ్లి మాట్లాడాలి, డాబా కొలవాలి, నీళ్ల ట్యాంకు నీడ ఎక్కడ పడుతుందో చూడాలి, కాగితాలు పెట్టాలి, ప్యానెళ్లను మెట్ల మీదుగా పైకి మోయాలి, విద్యుత్ సంస్థ వాళ్లు వచ్చి నెట్ మీటరు (ఇంటికి వచ్చిన కరెంటును, ఇంటి నుంచి బయటికి వెళ్లిన కరెంటును లెక్కించే మీటరు) పెట్టేదాకా వెంటపడాలి.

కానీ ఇందులో ఒక మెలిక ఉంది. నిర్వహణ పని పైకప్పుకైనా, పార్కుకైనా మెగావాటుకు అర ఉద్యోగమే. అంటే పైకప్పు పని కొత్త ఇళ్లు దొరుకుతున్నంతకాలమే జోరుగా ఉంటుంది. అందుకే ఒక్క బిగింపుతో ఆగకుండా మరమ్మతు కూడా నేర్చుకోమని నేను పట్టుబట్టి చెబుతాను.

మంచి ఉద్యోగం అంటే ఏమిటి? జీతం ఎక్కువ వస్తే చాలదా?

చాలదు. నెలకు రెండు వేలు ఎక్కువ ఇచ్చి, డాబా మీద నుంచి పడితే ఆసుపత్రి ఖర్చు నీదే అనే పని మంచి ఉద్యోగం ఎలా అవుతుంది? అంతర్జాతీయ కార్మిక సంస్థ 1999 నుంచి గౌరవప్రదమైన పని అనే మాట వాడుతోంది. బతకడానికి చాలే వేతనం, భద్రత, సామాజిక రక్షణ, హక్కులు, నలుగురూ కలిసి అడిగే వీలు అందులోని అంశాలు. నేను వీటికి ఇంకొకటి కలుపుతాను: రెండేళ్ల తరువాత ఈ పని వల్ల మీకు కొత్తగా ఏం వచ్చి ఉంటుంది? ప్యానెళ్లు మోయడం దగ్గర మొదలై మోయడం దగ్గరే ఆగిపోతే, అది హరిత పరిశ్రమలో ఉన్నా కూలి పనే.

నేను బీటెక్ చేశాను. ప్యానెళ్లు బిగించే పనికి వెళ్తే చిన్నతనం కాదా?

డిజైన్, సైటు సర్వే, ప్రాజెక్టు పర్యవేక్షణ, ప్లాంటు సమాచార విశ్లేషణ బీటెక్ వాళ్లకు సరిపోయే పనులు. కానీ కొన్ని నెలలు స్వయంగా డాబా ఎక్కని డిజైనర్ గీసిన బొమ్మను టెక్నీషియన్లు నవ్వుతూ పక్కన పెడతారు. చిన్నతనం సంగతి బంధువులకు వదిలేయండి.

## శిక్షణ దశలో

సూర్యమిత్ర అంటే ఏమిటి? ఎవరు చేరవచ్చు?

2015లో కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ మొదలుపెట్టిన ఉచిత శిక్షణ ఇది. గురుగ్రామ్‌లోని జాతీయ సౌరశక్తి సంస్థ ద్వారా రాష్ట్రాల్లోని కేంద్రాల్లో నడుస్తుంది. పదో తరగతితో పాటు ఎలక్ట్రీషియన్, వైర్‌మన్, ఫిట్టర్, ఎలక్ట్రానిక్స్ మెకానిక్ వంటి ఐటీఐ ట్రేడు ఉన్నవాళ్ల కోసం ఉద్దేశించింది. డిప్లొమా వాళ్లకూ అవకాశం ఉంటుంది. ఇంజినీరింగ్ డిగ్రీ వాళ్ల కోసం కాదు. దాదాపు మూడు నెలలు నడిచే కోర్సు ఇది, వసతి, భోజనం కూడా అందులోనే. బ్యాచ్‌లు ఎప్పుడు మొదలవుతాయో ఒక లెక్కంటూ ఉండదు కాబట్టి, దగ్గరలోని కేంద్రానికి వెళ్లి స్వయంగా కనుక్కోండి. వెళ్లినప్పుడు అక్కడి ప్రాక్టికల్ షెడ్డు కూడా చూసి రండి. ప్యానెళ్లకు దుమ్ము పట్టి, పనిముట్లు అట్టపెట్టెల్లోంచి బయటికే రాకపోతే ఇంకో కేంద్రం వెతుక్కోండి.

ప్రైవేటు సంస్థ ఒకటి ఫీజు కట్టించుకుని ఉద్యోగం గ్యారంటీ అంటోంది. నమ్మవచ్చా?

గ్యారంటీ అన్నవాళ్లను రెండు అడగండి. గత బ్యాచ్‌లో చేరిన ఐదుగురి ఫోన్ నంబర్లు ఇవ్వమనండి. ఉద్యోగం రాకపోతే ఫీజు తిరిగి ఇస్తామని కాగితం మీద రాసి ఇవ్వమనండి. రెండింటిలో ఒకటైనా కుదరదంటే బయటికి వచ్చేయండి. ఇదే పని ఉచితంగా నేర్పే ప్రభుత్వ పథకం ఉండగా అప్పు చేసి ఫీజు కట్టడం నాకు నచ్చదు.

శిక్షణలో దేని మీద ఎక్కువ దృష్టి పెట్టాలి?

కనెక్టర్ల మీద. వినడానికి చిన్న సంగతిలా ఉంటుంది. ప్యానెల్ నుంచి వచ్చే తీగలను కలిపే చిన్న నల్లటి ప్లాస్టిక్ ముక్కను ఎంసీ4 కనెక్టర్ అంటారు. తీగ చివర తొడుగును సరిపడా ఒలిచి, లోపలి లోహపు పిన్నును క్రింపింగ్ టూల్‌తో ఒక్కసారి గట్టిగా నొక్కాలి. టూల్ చేతిలో లేక కటింగ్ ప్లయర్‌తో నాలుగు వైపులా నొక్కేసేవాళ్లను ప్రతి ఊళ్లో చూడవచ్చు. ఆ రోజు మీటరు చక్కగా తిరుగుతుంది, ఇంటి యజమాని స్వీట్లు పెడతాడు. లోపల పట్టు సరిగ్గా లేనిచోట కరెంటు దాటిన ప్రతిసారీ వేడి పుడుతుంది. కొన్ని నెలలకు ప్లాస్టిక్ నల్లబడుతుంది, తరువాత కరుగుతుంది, ఒక్కోసారి అంటుకుంటుంది. ఒక కంపెనీ పురుష కనెక్టర్‌ను ఇంకో కంపెనీ స్త్రీ కనెక్టర్‌లో దూర్చడం కూడా ఇలాంటి తప్పే. క్లిక్కుమని శబ్దం వస్తుంది కాబట్టి సరిపోయిందనుకుంటారు.

రెండో సంగతి డీసీ కరెంటు, అంటే ఎప్పుడూ ఒకే దిశలో పారే కరెంటు. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు వరుసగా కలిపితే ఎండలో దాదాపు 300 వోల్టుల డీసీ వస్తుంది. ఇంట్లోని ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాను తాకుతుంది కాబట్టి నిప్పురవ్వ దానంతట అది ఆరడానికి వీలుంటుంది. డీసీలో ఆ వీలు లేదు, లాగేకొద్దీ మంట సాగుతుంది. మెయిన్ స్విచ్ ఆపినా ఎండ ఉన్నంతసేపూ ప్యానెల్ బతికే ఉంటుంది. ఇన్వర్టర్ (ప్యానెల్ డీసీని ఇంటి ఏసీగా మార్చే పెట్టె) ఆపి, డీసీ ఐసొలేటర్ (ప్యానెళ్ల తీగను విడదీసే స్విచ్) తీసి, మీటరుతో చూశాకే కనెక్టర్ విడదీయడం మీ చేతులకు అలవాటు కావాలి.

ఎర్తింగ్, మెరుపు రక్షణ, గాలికి నిలిచే స్ట్రక్చర్ ఆ తరువాత వరుసలోవి. ఇన్వర్టర్ తెరమీద వచ్చే ఎర్రర్ కోడును చదివి కారణం పట్టుకోవడం వస్తే మీ గిరాకీ పెరుగుతుంది.

మా అమ్మాయిని ఈ పనికి పంపవచ్చా?

పంపవచ్చు, కానీ దారి సాఫీగా ఉంటుందని చెప్పను. ప్రపంచవ్యాప్తంగా పునరుత్పాదక రంగంలో మహిళలు 32 శాతం ఉన్నారని ఒక అంచనా. మన దేశంలో పైకప్పు సోలార్ కంపెనీలను 2019లో పరిశీలించినప్పుడు ఆ వాటా 11 శాతమే. కారణాలు అందరికీ తెలిసినవే: డాబా పనికి పంపడానికి ఇంట్లో జంకు, సైటులో మరుగుదొడ్డి ఉండదు, పొద్దుపోయాక తిరిగి రావడానికి బండి ఉండదు.

చేయలేకపోవడం ఎక్కడా కారణం కాదు. రాజస్థాన్‌లోని తిలోనియాలో బేర్‌ఫుట్ కాలేజీ చదువురాని పల్లెటూరి మహిళలకు, అందులో ఆఫ్రికా దేశాల నాయనమ్మలకు కూడా, రంగుల గుర్తులు, బొమ్మలతో సోలార్ దీపాల తయారీ, మరమ్మతు నేర్పింది. అదే రాష్ట్రంలోని డుంగర్‌పూర్‌లో ఐఐటీ బొంబాయి తోడ్పాటుతో ఆదివాసీ మహిళలు ప్యానెళ్లు తయారుచేసే కంపెనీకే యజమానులయ్యారు. మన దగ్గర ప్యానెళ్ల తయారీ ఫ్యాక్టరీల్లో అమ్మాయిలకు ఇప్పటికే చోటు ఉంది. చేర్చేముందు షిఫ్టు వేళలు, హాస్టలు, రవాణా ఎవరు చూస్తారో అడగండి.

## పనిలో చేరేటప్పుడు

అపాయింట్‌మెంట్ లెటర్ తరువాత ఇస్తామంటున్నారు. చేరిపోవచ్చా?

వారం చూడండి, రాకపోతే అడగండి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతుల (లేబర్ కోడ్‌ల) ప్రకారం కార్మికులందరికీ నియామక పత్రం ఇవ్వాలి. అందులో మీ పేరు, హోదా, వేతనం, చేరిన తేదీతో పాటు యజమాని ఎవరో స్పష్టంగా ఉండాలి. ఈ చివరిదే సోలార్‌లో అసలు తిరకాసు. ప్లాంటు ఒక కంపెనీది, కట్టేది ఇంకో కంపెనీ, దాని కింద సబ్ కాంట్రాక్టరు, ఆయన కింద మేస్త్రీ. జీతం ఆగిన రోజు ఈ నలుగురూ పక్కవాడి వైపు వేలు చూపిస్తారు. చొక్కా మీద ఉన్న కంపెనీ పేరు చూసి మురిసిపోవద్దు, బ్యాంకు ఖాతాలో జీతం వేసేది ఎవరో చూడండి.

పీఎఫ్, ఈఎస్‌ఐ కోస్తే చేతికి తక్కువ వస్తుంది. వద్దనవచ్చా?

వద్దనకండి. పీఎఫ్‌కు మీ జీతంలోంచి 12 శాతం పోతే యజమాని కూడా అంత కట్టాలి. ఉద్యోగంలో ఉండగా మరణిస్తే ఆ సభ్యత్వం మీదే కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల రూపాయల బీమా వస్తుంది. నెలకు 21,000 లోపు వేతనం ఉన్నవాళ్లకు ఈఎస్‌ఐలో మీ వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. డాబా మీద నుంచి పడి నడుం విరిగితే వైద్యం, పని చేయలేని కాలానికి వేతనంలో 90 శాతం పరిహారం ఈఎస్‌ఐ ఇస్తుంది. ఎత్తుమీద పనిచేసే మనిషికి ఇంతకంటే చవకైన రక్ష నాకు తెలియదు.

సాధారణంగా పదిమంది పనిచేసే చోట ఈఎస్‌ఐ, ఇరవైమంది ఉన్నచోట పీఎఫ్ తప్పనిసరి. అందుకే కొందరు కాంట్రాక్టర్లు ఒకే జట్టును మూడు పేర్ల మీద చీల్చి తొమ్మిదేసి మందిని చూపిస్తారు. మీ యూఏఎన్ నంబరుతో (పీఎఫ్ సభ్యుడిగా మీకిచ్చే నంబరు) పీఎఫ్ జమ అవుతోందో లేదో నెలనెలా ఫోనులో చూసుకోండి.

అప్రెంటిస్‌గా చేరమంటున్నారు. మంచిదేనా?

నేర్పే చోటైతే మంచిదే. గడువు, స్టైపెండ్ ఒప్పందంలో ఉండాలి, అది ప్రభుత్వ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదై ఉండాలి. అప్రెంటిస్‌కు పీఎఫ్, ఈఎస్‌ఐ వర్తించవు. కాబట్టి ఏడాది గడిచాక మళ్లీ ఇంకో ట్రేడులో అప్రెంటిస్‌గా చేరమంటే నేర్పే ఉద్దేశం లేదని గ్రహించండి.

గల్ఫ్‌లో సోలార్ ప్లాంట్ల పనికి పిలుస్తున్నారు. వెళ్లవచ్చా?

పని నిజంగానే ఉంది. అబుదాబి, దుబాయ్ ఎడారుల్లో ప్రపంచంలోనే పెద్దవైన ప్లాంట్లు కొన్ని ఉన్నాయి. నిజామాబాద్, కరీంనగర్, కడప, గోదావరి జిల్లాల వాళ్లకు గల్ఫ్ దారి కొత్తేమీ కాదు, మోసాలూ కొత్త కాదు. విదేశాంగ శాఖలో నమోదైన ఏజెంటేనా అని ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. ఏజెంటు తీసుకోగల సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్షన్నర అడిగేవాడు చట్టం దాటినట్లే. తెలంగాణలో టామ్‌కామ్ అనే ప్రభుత్వ సంస్థ కూడా విదేశీ ఉద్యోగాలకు పంపుతుంది, ముందు అక్కడ కనుక్కోండి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించడం నిషేధం. విజిట్ వీసా మీద పనికి పంపుతామంటే మాట్లాడవలసింది ఏమీ లేదు, లేచి వచ్చేయండి.

## పనిలో ఉన్నాక

వేసవిలో డాబాల మీద, ప్లాంటులో పని ఎలా తట్టుకోవాలి?

రాయలసీమలో ఏప్రిల్, మే నెలల్లో గాలి వేడి 42, 43 డిగ్రీలు ఉన్నప్పుడు ప్యానెల్ ఉపరితలం 60 దాటుతుంది. తెల్లవారకముందే పని మొదలుపెట్టి పదకొండుకు దిగిపోవడం, సాయంత్రం మళ్లీ ఎక్కడం తెలివైన జట్లు చేసే పని. మధ్యాహ్నం డాబా మీద కూర్చోబెట్టే మేస్త్రీకి పని తెలియదన్నమాట. ప్యానెళ్లు కడగడం కూడా పొద్దున్నే చేయాలి, కాలే గాజు మీద చన్నీళ్లు పోస్తే పగుళ్లు వస్తాయి. పిట్టగోడ లేని డాబా మీద సేఫ్టీ బెల్టు, దాన్ని కట్టడానికి గట్టి ఆధారం లేకుండా ఎక్కమంటే ఎక్కవద్దు.

ప్యానెళ్లు కడిగే రోబోలు వచ్చాయి. డ్రోన్లు వచ్చాయి. మా పని పోతుందా?

కడిగే పని తగ్గుతుంది. దాచడం దేనికి? నీళ్లు లేని ఎడారి ప్రాంతాల్లోని పెద్ద ప్లాంట్లలో బ్రష్షుతో దుమ్ము దులిపే రోబోలు రాత్రిపూట వాటంతట అవే వరుసల మీద తిరుగుతున్నాయి. నీళ్లు ఆదా అయ్యే మాట నిజం కాబట్టి వాటిని వద్దనడం కష్టం. వేడిని పసిగట్టే కెమెరా ఉన్న డ్రోను, మనుషులు రోజుల తరబడి తిరిగి చూడవలసిన వరుసలను కొద్ది గంటల్లో చూసి చెడిన సెల్స్ చూపిస్తుంది.

అయితే రోబో బ్రష్షు అరిగితే మార్చేది, పట్టాలు వంకరపోతే సరిచేసేది మనిషే. డ్రోను చూపించిన ఎర్రటి చుక్క దగ్గరికి మల్టీమీటరుతో వెళ్లి నిజమైన లోపమో, పిట్ట రెట్టో తేల్చేదీ మనిషే. ఇప్పుడు కడుగుతున్నవాళ్లకే ఈ పనులు నేర్పితే ఉద్యోగం మెరుగవుతుంది. నేర్పకుండా బయటి నుంచి కొత్తవాళ్లను తెస్తే ఊళ్లో ఉద్యోగాలు పోయినట్లే. రోబో వల్ల ఏం జరుగుతుందో తేల్చేది యాజమాన్యం. డ్రోను నడిపే లైసెన్సుకు పదో తరగతి, 18 ఏళ్లు నిండి ఉండటం, గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ చాలు.

నాలుగేళ్ల అనుభవం వచ్చింది. సొంతంగా మొదలుపెట్టవచ్చా?

మొదలుపెట్టవచ్చు, చేతిలో డబ్బు ఆడేలా ఉంటేనే. పీఎం సూర్యఘర్‌లో ఇంటివాళ్లకు రాయితీ రెండు కిలోవాట్ల దాకా కిలోవాటుకు 30,000, మూడు లేదా అంతకంటే ఎక్కువ కిలోవాట్లకు 78,000 రూపాయలు. అది ప్లాంటు పెట్టి, తనిఖీ అయ్యాక ఇంటి యజమాని ఖాతాలో పడుతుంది. రాయితీ వచ్చాక ఇస్తాలే అనే యజమానులు నలుగురు తగిలితే మీ పెట్టుబడి డాబాల మీదే ఇరుక్కుంటుంది. రాయితీకి దేశంలో తయారైన సెల్స్, ప్యానెళ్లే పెట్టాలి, వాటి ధర ఎక్కువ. విక్రేతగా నమోదు కావడానికి బ్యాంకు గ్యారంటీ, విద్యుత్ లైసెన్సు అడుగుతారు. అవి లేనివాళ్లు నమోదైన విక్రేత కింద బిగింపు, మరమ్మతు ఒప్పందాలతో మొదలుపెట్టడం మేలు.

ఇంకో మాట. ఈ పథకంలో విక్రేత ఐదేళ్లపాటు నిర్వహణ చూడాలి. చాలామంది విక్రేతలు బిగించి వెళ్లిపోతారు, ఇంటివాళ్లు ఫోను చేస్తే ఎత్తరు. ఆ ఐదేళ్ల పనిని విక్రేతల నుంచి మండలం మొత్తానికి గుత్తకు తీసుకునే ఇద్దరు ముగ్గురు టెక్నీషియన్ల జట్టుకు మంచి రోజులు ఉన్నాయని నా అంచనా.

## భూమి ఇచ్చే ఊళ్లు

భూమి అమ్మాలా, కౌలుకివ్వాలా?

అమ్మవద్దని నా సలహా. అనంతపురం సరిహద్దులో, తెలుగు ఇంటిభాషగా ఉన్న కుటుంబాలు ఎన్నో ఉన్న పావగడను చూడండి. కర్ణాటకలోని ఈ తాలూకాలో ఐదు గ్రామాల పరిధిలో సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు పెట్టారు. భూమి కొనలేదు, రైతుల దగ్గర దీర్ఘకాలిక కౌలుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలతో మొదలై, రెండేళ్లకోసారి 5 శాతం పెరుగుతుంది. వరుస కరవులతో వేరుశనగ చేతికి రాని నేలలో అది స్థిరమైన ఆదాయం, పట్టా కూడా రైతు పేరు మీదే ఉంటుంది. రెండేళ్లకు 5 శాతం పెరుగుదల ధరల పెరుగుదలకు సరిపోదన్నది దాని లోపం. మీరు మాట్లాడేటప్పుడు ఏటా పెంపు అడగండి. గడువు ముగిశాక కాంక్రీటు దిమ్మెలు తీసి నేల చదును చేసే ఖర్చు ఎవరిదో కూడా రాయించుకోండి.

మాకు భూమి లేదు, కూలికి వెళ్లేవాళ్లం. మాకేం వస్తుంది?

కౌలు భూమి ఉన్నవాడికి వస్తుంది. ఆ భూమిలో కలుపు తీసినవాళ్లకు, గొర్రెలు మేపుకున్నవాళ్లకు ఏ చెక్కూ రాదు. పావగడలో ఎక్కువ నష్టపోయింది వీళ్లే. పార్కు కట్టాక కంచె పడింది, మేత దారి మూసుకుపోయింది, పొలం పనులు పోయాయి. దిద్దుబాటు ఒప్పందం దశలోనే జరగాలి. గ్రామసభలో తీర్మానం చేయించేటప్పుడు ఈ విషయాలు ఉండేలా చూడండి: కాపలా, కోత, శుభ్రత పనుల్లో మొదటి హక్కు భూమిలేని కుటుంబాలకు, ఆ పనులు స్వయం సహాయక సంఘాలకు నేరుగా కాంట్రాక్టు, ప్యానెళ్ల మధ్య గొర్రెల మేతకు అనుమతి, ఊరి పిల్లల్లో కొందరికి కంపెనీ ఖర్చుతో టెక్నీషియన్ శిక్షణ. గొర్రెలు గడ్డి తింటే కంపెనీకి కోత ఖర్చు తగ్గుతుంది, ఆ సంగతి గట్టిగా చెప్పండి. సంతకాలు అయ్యాక అడిగితే వినతిపత్రం తీసుకుని రసీదు ఇస్తారు.

## రాబోయే రోజులు

మాది సింగరేణి కుటుంబం. బొగ్గు తగ్గితే సోలార్ ఆదుకుంటుందా?

అంతమందిని ఆదుకోవడం దాని వల్ల కాదు. రామగుండం ఎన్టీపీసీ జలాశయం మీద 2022లో పూర్తయిన తేలియాడే సోలార్ ప్లాంటు 100 మెగావాట్లది, అప్పటికి దేశంలో అతి పెద్దది. మెగావాటుకు అర ఉద్యోగం లెక్కన అది సుమారు 50 మందికి పని. సింగరేణి మీద పర్మినెంటు, కాంట్రాక్టు కార్మికులు పదుల వేలలో ఆధారపడి ఉన్నారు. దక్షిణాఫ్రికాలో కొమాటి థర్మల్ కేంద్రాన్ని 2022 అక్టోబరులో మూసేశారు. దాన్ని సౌర, పవన విద్యుత్ కేంద్రంగా మార్చడానికి ప్రపంచ బ్యాంకు 49.7 కోట్ల డాలర్లు మంజూరు చేసింది. కొత్త పని మొదలుకాకముందే పాతది ఆగిపోవడంతో దెబ్బ కాంట్రాక్టు కార్మికుల మీద, చుట్టుపక్కల కొట్లవాళ్ల మీద పడింది. మన దగ్గర గనులు ఇప్పటికిప్పుడు మూతపడటం లేదు. ఉన్న ఈ వ్యవధిలో గని ఎలక్ట్రీషియన్లు, ఫిట్టర్లు బ్యాటరీలు, పంప్డ్ స్టోరేజీ ప్లాంట్ల (నీటిని పైకి తోడి ఉంచి, కావలసినప్పుడు కిందికి వదిలి కరెంటు తీసేవి) వైపు మళ్లడానికి సిద్ధపడవచ్చు. వాళ్లకు యంత్రాలు కొత్త కాదు.

బ్యాటరీ, గ్రీన్ హైడ్రోజన్ కోర్సులు నేర్చుకోవాలా?

బ్యాటరీకి అవునంటాను. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా సంస్థ 9,500 కోట్ల రూపాయల పెట్టుబడితో లిథియం సెల్స్ ఫ్యాక్టరీకి 2023లో శంకుస్థాపన చేసింది. విద్యుత్ బస్సులు, ఆటోలు పెరిగేకొద్దీ బ్యాటరీ మరమ్మతు తెలిసినవాళ్లు ప్రతి పట్టణంలోనూ కావాలి.

గ్రీన్ హైడ్రోజన్ అంటే సౌర, పవన విద్యుత్తు వంటి వాటితో నీటి నుంచి తీసే హైడ్రోజన్. దానికి తొందరపడకండి. అనకాపల్లి జిల్లా పూడిమడకలో ఎన్టీపీసీ హరిత హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. అలాంటిచోట కావలసింది మంచి వెల్డర్లు, పైపు ఫిట్టర్లు, ఇన్‌స్ట్రుమెంటేషన్ టెక్నీషియన్లు, రసాయన ప్లాంటు ఆపరేటర్లు. ఆ ట్రేడుల్లో గట్టిపడితే హైడ్రోజన్ వచ్చినా పనికొస్తుంది, ఆలస్యమైనా ఫార్మా, ఎరువుల ఫ్యాక్టరీలు ఉండనే ఉన్నాయి.

ఈ ఊపు ఒక్కసారిగా ఆగిపోతే మా గతేమిటి?

అలా ఆగిన ఉదాహరణ ఉంది. బంగ్లాదేశ్‌లో కరెంటు లేని పల్లెలకు చిన్న సోలార్ కిట్లు వాయిదాల మీద ఇచ్చే కార్యక్రమం 2003లో మొదలై 40 లక్షలకు పైగా ఇళ్లకు చేరింది. ప్రపంచమంతా మెచ్చుకుంది. తరువాత పల్లెలకు గ్రిడ్ కరెంటు వచ్చింది, అమ్మకాలు పడిపోయాయి, ఇల్లిల్లూ తిరిగే క్షేత్ర సిబ్బంది ఉద్యోగాలు పోయాయి. ఒకే వస్తువు అమ్మడం, బిగించడం మాత్రమే తెలిసినవాళ్లు ఎక్కువ ఇబ్బంది పడ్డారు.

అందుకే రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే వైర్‌మన్ పర్మిట్ తప్పకుండా తీసుకోండి. అది ఉంటే సోలార్ మందగించిన ఏడాది కూడా ఇళ్ల వైరింగ్, మోటార్లు, ఫ్యాక్టరీ ప్యానెల్ బోర్డుల పని చేతిలో ఉంటుంది.

పాతబడిన ప్యానెళ్లు ఏమవుతాయి? అందులో పని ఉంటుందా?

ప్యానెల్ పాతికేళ్లు పనిచేస్తుందని చెబుతారు, రవాణాలో, గాలివానల్లో పగిలేవి ముందే చెత్తకు చేరతాయి. 2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనలు సోలార్ ప్యానెళ్లకూ వర్తిస్తాయి. వాటి ప్రకారం తయారీదారులు పాడైన ప్యానెళ్లను 2034-35 వరకు భద్రంగా నిల్వ చేయాలి. అల్యూమినియం ఫ్రేము, గాజు, రాగి తీగ, కొద్దిపాటి వెండి అందులో దొరుకుతాయి. ఫ్రేము ఊడదీసి మిగతాది చెరువు గట్టున పారేసే పాత ఇనుప సామాను వ్యాపారం ఇప్పుడే అక్కడక్కడా మొదలైంది. నమోదైన రీసైక్లింగ్ కేంద్రాల్లో పని పెరగడానికి ఇంకా కొన్నేళ్లు పడుతుంది. ఈలోగా మీ ప్లాంటులో పగిలిన ప్యానెల్ కనిపిస్తే దాని సీరియల్ నంబరు రాసి పెట్టండి, తీసుకెళ్లిన వాహనం నంబరు కూడా.